పట్టణపు కుక్కకు మందపని

గొఱ్ఱెల కాపరికి కంబళియు, కఱ్ఱయు నెంత యవసరమో కుక్కయు నంత యవసరమని మన పల్లెలలో నెఱుగనివారు లేరు. అయితే మన కాపరుల కుక్క చేయు పని చాలవఱకు కాపలాయే. రాత్రివేళ దొడ్డివద్ద పరుండి, తోడేలు గాని దొంగ గాని సమీపించినప్పుడు మొరిగి కాపరిని మేల్కొలుపుటయే దాని వృత్తి. మందను చుట్టివచ్చి ప్రోగుచేసి, కాపరి కోరినచోటికి త్రోలుకొనివచ్చు కుక్కలు వేఱు కలవు. ఆ జాతులలో పేరుపొందినవి యితర దేశములందు పుట్టినవే యైనను, కొన్ని నేడు మన పట్టణములలోని యిండ్లలో పెరుగుచున్నవి. ఆల్సేషియను అని మనవారు పిలుచు జర్మను షెపర్డు వానిలో మిక్కిలి పరిచితమైనది. బోర్డరు కోలీ యనునది మఱియొకటి.

ఇఱుకు ఇంటిలో ఇట్టి కుక్కను పెంచలేక, పట్టణపు యజమానులు దానిని పల్లెలోని బంధువుల కిచ్చివేయుట కలదు. “గొఱ్ఱెలకుక్క జాతియే గదా, మందలో విడిచినచో తానే నేర్చుకొనును” అని పలువురి తలంపు. ఈ తలంపులో సగము నిజము, సగము ప్రమాదము. 2017 సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన గొఱ్ఱెల పంపిణీ పథకమునందు, గొఱ్ఱెల పెంపకందారుల సహకార సంఘములలోని సభ్యునికి 20 గొఱ్ఱెలును, 1 పొట్టేలును ఒక మందగా నేర్పఱుపబడెను. అంతటి చిన్న మందలో శిక్షణలేని కుక్క యొక్క రాత్రి రెండు చూడి గొఱ్ఱెలను చంపినచో, తల్లులలో పదియవ వంతును, వాని కడుపులోని పిల్లలును పోయినట్లే. కావున పట్టణపు కుక్కను మందకు తేవచ్చునా, తెచ్చినచో నెట్లు తేవలెనను విషయమును మా సభ్యుల కెఱిగింప తలచితిమి.

మా యభిప్రాయమును ముందే చెప్పుదుము. మందను త్రోలుపని, జాతిగుణము గల పట్టణపు కుక్కకు పెద్దయైన పిదపకూడ నేర్పవచ్చును. మందను కాచుపని మాత్రము పెద్దయైన పిదప నేర్పుట దుర్లభము. ఈ భేదము నెఱుగక పని కలిపినచో కుక్కయు చెడును, మందయు చెడును.

రెండు వృత్తులు

త్రోలుటయు కాచుటయు ఒకటే యని లోకులు భావింతురు గాని, ఈ రెంటికి కావలసిన గుణములు పరస్పర విరుద్ధములు. త్రోలు కుక్కను చూచి గొఱ్ఱె కొంచెము జంకవలెను; జంకనిచో కదలదు. కాచు కుక్కను చూచి గొఱ్ఱె జంకరాదు. అది మందనడుమ పరుండినను గొఱ్ఱెలు నెమరువేయుచునే యుండవలెను. త్రోలు కుక్క సర్వదా యజమాని మాటకు చెవియొగ్గి యుండును. కాచు కుక్క యజమాని దగ్గఱ లేనప్పుడు తన బుద్ధితోనే నిలువవలెను. త్రోలు కుక్కను పని ముగియగానే మందనుండి వేఱుచేసి కట్టివేయుదురు. కాచు కుక్క రేయింబవళ్లు మందలోనే వసించును. ఒకే కుక్కచే నీ రెండు పనులను చేయింప జూచుట, ఒకే యెద్దును దుక్కికిని పందెమునకును పెంచుటవంటిది.

త్రోలు గుణ మెట్లు కలిగినది?

తోడేలు వేటాడు క్రమమును గమనింపుడు. మొదట అది మందను కనిపెట్టును. పిదప కన్ను మరల్పక చూచుచు, తల వంచి, పొట్ట నేలకానునట్లు పొంచి నడచును. పిదప తఱుమును, కఱచి పట్టును, చంపును, తినును. కుక్కయు తోడేలు వంశమునుండి వచ్చినదే గావున ఈ మెట్లన్నియు దాని స్వభావమున నెంతో కొంత యున్నవి. మంద త్రోలు కుక్కలయందు కాపరులు తరతరములుగా చూపు, పొంచుట, తఱుముట యను మొదటి మెట్లను బలపఱచుచు, కఱచుట, చంపుట యను కడపటి మెట్లను తగ్గించుచు వచ్చిరి. గొఱ్ఱెను గాయపఱచిన కుక్క సంతతిని వృద్ధిచేయక, మెలకువతో మందను త్రిప్పిన కుక్క సంతతినే నిలుపుకొనిరి. కావున త్రోలుపని యనగా నడిమిలో నిలుపబడిన వేటయే. ఆ నిలుపుదల కొంత వంశమువలనను, కొంత శిక్షణవలనను కలుగును. పట్టణపు కుక్కకు వంశము కలదు, శిక్షణ లేదు. మనము పూరింపవలసిన లోపమిదియే.

ఇంగ్లండు, స్కాట్లండు దేశముల సరిహద్దు కొండలయందు ఈ పని మిక్కిలి శ్రద్ధతో జరిగినది. గొఱ్ఱెలకుక్కల పోటీ యొకటి 1873 సంవత్సరము అక్టోబరు 9వ తేదీన వేల్సులోని బాలా యను నూర జరిగెను. అందు స్కాట్లండునుండి వచ్చి స్థిరపడిన థాంసన్ అను కాపరియు, అతని కుక్క ట్వీడును గెలుపొందిరి. 1893లో నార్తంబర్లండు ప్రాంతమున ఆడం టెల్ఫర్ అను రైతు ఇంట హెంప్ అను కుక్క పుట్టెను. అంతకుముందటి కుక్కలలో పలువాటి వలె అది మొరిగి, మీదబడి గొఱ్ఱెలను చెదరగొట్టక, కేవలము చూపుతోడను మెత్తని నడకతోడను మందను కదలించెడిది. దాని పనితీరు కాపరులందఱకు నచ్చుటచే దాని సంతతి మిక్కిలి వ్యాపించెను. నేటి బోర్డరు కోలీలు చాలవఱకు దాని వంశమువే. 1906లో స్థాపింపబడిన అంతర్జాతీయ గొఱ్ఱెలకుక్కల సంఘము నేటికిని ఈ జాతి వంశావళిని వ్రాసియుంచి, పోటీలు జరుపుచున్నది. మేలురకపు విత్తనమునకు రైతులు సంఘముగా కూడి పాటుపడినట్లే, మేలురకపు కుక్కకును కాపరులు పాటుపడి రని దీనివలన తెలియుచున్నది.

ఆల్సేషియను పూర్వచరిత్ర

ఆల్సేషియను కుక్కను మనము పోలీసువారి చేతను, బంగళాల గేట్లవద్దను చూచుచున్నాము. అది మొదట గొఱ్ఱెల కుక్కయే. జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అను సేనాధికారి 1899లో గొఱ్ఱెల కాపరుల కుక్కలనుండి యీ జాతిని క్రమపఱచి, దానికొక సంఘమును స్థాపించెను. యంత్రపరిశ్రమలు పెరిగి గొఱ్ఱెల మందలు తగ్గుచుండుట చూచి, ఈ కుక్కకు పని లేకుండ పోవునను భయముతో అతడే దానిని పోలీసు పనికిని, సైన్యపు పనికిని ప్రోత్సహించెను. మొదటి ప్రపంచయుద్ధము పిదప జర్మను అను పేరు గిట్టక ఇంగ్లండువారు దానికి ఆల్సేషియను అని పేరు పెట్టిరి. అచ్చటి కెన్నెల్ క్లబ్బువారు 1977లో పాత పేరును తిరిగి యంగీకరించిరి. మనవారి నోట మాత్రము ఆ రెండవ పేరే నిలిచినది.

జర్మనీలో నీ కుక్క చేయు పనిని మన రైతులు ప్రత్యేకముగా గమనింపదగును. అచ్చట వందలకొలది గొఱ్ఱెలు కంచెలేని పైరుల నడుమ మేసెడివి. పైరునకును మేతభూమికిని నడుమ చాలు వెంబడి కుక్క అటునిటు నడచుచుండును. గొఱ్ఱె చాలు దాటబోయినచో దాని నడ్డగించి లోనికి మరల్చును. తఱుముకొనిపోదు, తన చాలును విడువదు. అనగా ఆ కుక్క నడచు కంచె వంటిది. కోలీ యొక్క పని దూరపు కొండపై చెదరిన గొఱ్ఱెలను ప్రోగుచేసి తెచ్చుట; ఆల్సేషియను యొక్క పని పైరును మందనుండి కాపాడుట. జొన్నచేని గట్టుమీద మంద నడచునప్పుడును, మందకట్టుటకై యొక పొలమునుండి మఱియొక పొలమునకు త్రోలునప్పుడును, మన పల్లెలలో కాపరికిని పొలముగలవానికిని కలుగు తగవులు ఎన్నో. అట్టిచోట ఈ రెండవ విధపు పని మనకు మిక్కిలి యుపయోగకరము.

పట్టణవాసమువలన కలుగు లోపములు

పట్టణమున పెరిగిన కుక్క జాతిగుణము నశించదు గాని, త్రోవ తప్పును. కదలునదెల్ల దానికి గొఱ్ఱెయే. మోటారు సైకిలును తఱుముట, పరుగెత్తు పిల్లల మడమలను పట్టజూచుట, పని లేక ఇంటి సామానులను కొఱికి పాడుచేయుట మొదలగునవి పనిజాతి కుక్కయందు కనబడినచో, అది చెడ్డకుక్క యని వెంటనే తీర్పు చెప్పరాదు. దానికి పని లేకపోవుటయే తఱచుగా వీనికి మూలము. అయితే తఱుముట దానికి వ్యసనముగా మాఱియుండవచ్చును. తఱుముటయే కుక్కకు బహుమానము గావున, ఆ బహుమానమును మందలో నొక్కసారి స్వేచ్ఛగా ననుభవించిన కుక్కను మాన్పించుట కడు కష్టము.

శరీరమునందును లోపములు గలవు. నున్నని నేలపై నడచిన పాదములు మెత్తబడి, పల్లేరు ముళ్లకును, ఎండిన కొయ్యకాలికిని, కాలిన నేలకును తాళవు. వేళకు ఇంటిలో తినుటకును, పంకా క్రింద పరుండుటకును అలవాటుపడిన కుక్క రెండు మైళ్లు నడచునప్పటికే డస్సిపోవును. ఎద్దు కొమ్మును, గేదె తన్నును, పిల్లలతల్లి గొఱ్ఱె కుమ్మును అది యెఱుగదు. ఇవన్నియు క్రమముగా నలవాటు చేయవలసినవే గాని, ఒక్కదినమున వచ్చునవి కావు.

మొదటి నెల

కుక్కను తెచ్చునప్పుడే పాత యజమానివద్ద మూడు సంగతులు తెలిసికొనవలెను. దాని వయస్సును, టీకాల వివరమును మొదట అడుగవలెను. పిదప అది యెప్పుడైన మనిషిని గాని, పశువును గాని కఱచినదా యని విచారింపవలెను. తుదకు, ఏ మాటలకు లోబడుటకు నేర్చినదో తెలిసికొనవలెను. పట్టణమున అనేకులు కుక్కకు ఇంగ్లీషు మాటలు నేర్పుదురు. “సిట్” అన్న కూర్చుండు కుక్కకు మనము “కూర్చో” అని యెంత గట్టిగా చెప్పినను తెలియదు. ఆ మాటలనే కొంతకాలము వాడి, పిదప మన మాటలను వాని ప్రక్కన చేర్చి నేర్పవచ్చును.

మొదటి పదునైదు దినములు కుక్కను గొఱ్ఱెలతో కలుపరాదు. ఈలోగా పశువైద్యునికి చూపి, పిడుదులు తీసివేయించి, పురుగుల మందు వేయించవలెను. మందను చూచుచు దినమంతయు గుంజిగొనుచుండుచోట దానిని కట్టరాదు; అట్టి కుక్కకు ఆరాటము పెరిగి, విడిచినతోడనే మందపై బడును. నీడగల వేఱొకచోట కట్టి, దినమునకు రెండుమారులు మెడపట్టెడకు త్రాడు వేసి పొలములవైపు త్రిప్పవలెను. నడక నానాటికి కొంచెముగా హెచ్చింపవలెను. ఇంటికి వచ్చిన పిదప పాదముల సందులను వెదకి ముళ్లు తీయవలెను.

ఈ దినములలోనే రెండు ఆజ్ఞలు స్థిరముగా నేర్పవలెను. మొదటిది, పిలిచిన వెంటనే వచ్చుట. రెండవది, ఉన్నచోటనే పరుండుట లేక నిలుచుట. గొఱ్ఱెలు లేనిచోట ఈ రెండాజ్ఞలకు లోబడని కుక్క, గొఱ్ఱెల నెదుట లోబడునని తలంచుట వట్టిది. వచ్చినప్పుడు చిన్న తినుబండము పెట్టి మెచ్చుకొనవలెను. ఆలస్యముగా వచ్చినదని కొట్టరాదు; వచ్చినందుకే కొట్టినారని అది గ్రహించి మఱునాడు రాదు. ఇంటిలో నొక్కరే ఆజ్ఞలు ఇచ్చుట మేలు. నలుగురు నాలుగు విధముల పిలిచిన కుక్క ఎవరి మాటను వినదు.

పిమ్మట త్రాటితో ఖాళీ దొడ్డిలోనికి కొనిపోయి వాసన చూపవలెను. తరువాత నలువది, ఏబది గజముల దూరమునుండి మేయుచున్న మందను చూపవలెను. గుంజికొనక, మొరుగక, మన ముఖమువైపు చూచినప్పుడు మెచ్చుకొని, దినదినము కొంచెము దగ్గఱకు చేర్చవలెను. కోళ్లు, ఎద్దులు, బండ్లు, బడికి పోవు పిల్లలు ఇవన్నియు దానికి వింత కాకుండుటకు ఒక నెల పట్టినను తొందరపడరాదు.

దొడ్డిలో శిక్షణ

కుక్కకు ఇంచుమించుగా సంవత్సరము వయస్సు వచ్చిన పిదపనే గొఱ్ఱెలతో పని మొదలుపెట్టవలెను. చిన్నకుక్కను గొఱ్ఱె కుమ్మినచో దాని ధైర్యము చెడి, ఎన్నటికిని పనికి రాకపోవచ్చును. తడికలతో ఇరువది గజముల వెడల్పున గుండ్రని దొడ్డి యొకటి కట్టుట మంచిది. మూలలున్నచో గొఱ్ఱెలు అందులో నిఱుకుకొని బెదరును. కుక్కయు కఱచుటకు తావు దొరకును. అందు నెమ్మదిగల పెద్ద గొఱ్ఱెలను ఐదాఱింటిని మాత్రమే విడువవలెను. చూడి గొఱ్ఱెలను, పిల్లలను, కుమ్ము పొట్టేళ్లను ఎన్నడును విడువరాదు.

కుక్క మెడకు పది గజముల తేలికత్రాడు కట్టి, అది నేలపై ఈడ్చుకొనిపోవునట్లు వదలవలెను. కాపరి కుక్కకును గొఱ్ఱెలకును నడుమ నిలిచి, పొడుగాటి తేలికకఱ్ఱను చేతబట్టవలెను. ఆ కఱ్ఱ కొట్టుటకు గాదు; చేయి పొడవు పెంచి, కుక్కను వెలుపలివైపునకు మరల్చుటకే. జాతిగుణము గల కుక్క గొఱ్ఱెల చుట్టును తిరుగనారంభించి, కాపరి కెదురుగా మందకు ఆవలివైపున నిలువజూచును. ఇదియే దాని పుట్టుకతో వచ్చిన విద్య. కాపరి ఒకవైపున, కుక్క మఱియొకవైపున, నడుమ గొఱ్ఱెలు ఉన్నప్పుడు కాపరి వెనుకకు నడచినచో, కుక్క గొఱ్ఱెలను అతనివైపునకు తెచ్చును. అది సరిగా ఎదురుగా నిలిచినప్పుడు నిలువుమని చెప్పి, మెచ్చుకొనవలెను.

కుక్క తల వంచి, తోక దించి, నోరు మూసి నడచినచో పనిమీద మనసున్నదని గుర్తు. తోక పైకెత్తి, మొరుగుచు, గొఱ్ఱెల నడుమకు దూకినచో అది ఆటలోనో వేటలోనో యున్నదని గుర్తు. అట్టి సమయమున త్రాటిని త్రొక్కి నిలిపి, దొడ్డివెలుపలికి తెచ్చి, శాంతించిన పిదపనే మరల కొనిపోవలెను. మొదటి దినములలో మూతికి చిక్కము వంటి బుట్ట కట్టుట మంచిదే. అయితే అది నోరు తెఱచి వగర్చుటకు వీలైనంత వెడల్పుగా నుండవలెను. ఒక పాఠము పది నిమిషములకు మించరాదు. కుక్క బాగుగా చేసినప్పుడే పాఠము ముగింపవలెను; అలసి తప్పుచేయువఱకు సాగింపరాదు.

మొదటి రెండాజ్ఞలు గాక మఱి రెండు చాలును: కుడివైపుగా చుట్టుట, ఎడమవైపుగా చుట్టుట. ఇంగ్లండు కాపరులు గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు “కమ్ బై” అనియు, ఎదురు దిక్కునకు “అవే” అనియు చెప్పుదురు; దూరమునకు ఈలలు వేయుదురు. మన కాపరుల నోట ఇప్పటికే ఎన్నియో కేకలును ఈలలును కలవు. ఏ శబ్దమైనను సరే, ఒకదానికి ఒకటే యర్థముండవలెను.

దొడ్డిలో నిలువుమన్న నిలుచు కుక్కనే వెలుపలి పొలమునకు తేవలెను. అప్పుడును త్రాడు విప్పరాదు. త్రాడు విప్పుటకు కొన్ని వారములు, కొన్ని నెలలు పట్టవచ్చును. పని ముగిసిన పిదప కుక్కను తప్పక కట్టవలెను. పగలు మంచిపని చేసిన కుక్కయే రాత్రి విడిచిపెట్టినచో వీధికుక్కలతో కలిసి మందను తఱుమవచ్చును. కఱవకున్నను, తఱిమిన మాత్రముననే చూడి గొఱ్ఱెలు ఈసుకపోవుట కలదు.

కాపలా కుక్క సంగతి

ఇక కాచు కుక్క విషయము. చార్లెస్ డార్విను అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1833లో దక్షిణ అమెరికాలోని నేటి ఉరుగ్వే దేశమున సంచరించునప్పుడు, మనిషి తోడులేకయే మందను కాచు కుక్కలను చూచి, వానిని పెంచు విధమును తన గ్రంథమున వ్రాసెను. మిక్కిలి చిన్నతనముననే పిల్లను తల్లినుండి వేఱుచేసి, దినమునకు మూడు నాలుగు మారులు గొఱ్ఱెపాలు కుడిపి, దొడ్డిలోనే ఉన్నితో పడక కల్పించెడివారు. ఇతర కుక్కలతోడను, ఇంటి పిల్లలతోడను కలియనిచ్చెడివారు కారు. అట్టి కుక్క గొఱ్ఱెలనే తన కులముగా భావించి వానిని రక్షించెడిది.

దీనికి కారణము తరువాతి పరిశోధనలవలన స్పష్టమైనది. స్కాట్, ఫుల్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1965లో ప్రకటించిన గ్రంథమును బట్టి, కుక్కపిల్లకు ఇంచుమించు మూడవ వారమునుండి పండ్రెండవ వారమువఱకు గల కాలమే స్నేహబంధములు కుదురు కాలము. ఆ కాలమున ఎవరితో పెరిగిన వారినే తనవారుగా భావించును. పట్టణమున ఆ కాలమంతయు మనుష్యుల నడుమ గడపిన కుక్కను, రెండేండ్ల వయస్సున తెచ్చి రాత్రి గొఱ్ఱెలదొడ్డిలో విడిచినచో, అది గోడదూకి ఇంటికి వచ్చును, లేదా గొఱ్ఱెలతో వేటయాడును. నమీబియా దేశమున 1994నుండి చిరుతల సంరక్షణ నిధి యను సంస్థ, చీటాలబారినుండి మేకలను గొఱ్ఱెలను కాపాడుటకై టర్కీ దేశపు కాపలాజాతి కుక్కలను రైతుల కిచ్చుచున్నది. అచ్చటను పిల్లలను చిన్ననాటనే మేకల నడుమ పెంచి పిదపనే యిత్తురు.

కావున కాపలాకు పట్టణపు కుక్కను వెదకనక్కఱలేదు. మన కాపరుల నాటుకుక్కలు దొడ్డివద్దనే పుట్టి, గొఱ్ఱెల వాసనలోనే కన్ను తెఱచినవి, ఎండకు తాళునవి. వానిలో మంచి తల్లి పిల్లను కోరి తెచ్చుకొనుట చాలును. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము తోడేలును చంపరాదు. మందను కాపాడుకొనుటకు మంచి కాపలాకుక్కయు, గట్టి దొడ్డియు మనకు న్యాయమైన సాధనములు.

పని పోయిన కుక్క గతి యేమగునో తెలియుటకు పరదేశములకు పోనక్కఱలేదు. కొల్లేటి ప్రాంతమున బాతుల మందలను త్రోలుటకు జోనంగి యను పొట్టివెండ్రుకల కుక్కను వాడెడివారు. చేపల చెఱువులు విస్తరించి బాతుల పెంపకము తగ్గినకొలది ఆ జాతికి పని తగ్గి, దాని సంఖ్యయు క్షీణించినది. మన నేలకు తగిన పనికుక్క మనవద్దనే కలదని దీనివలన తెలియవలెను.

ఎండయు, రోగములు

దట్టమైన వెండ్రుకలుగల శీతలదేశపు జాతులకు మన వేసవి ప్రాణాంతకము. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. ముఖ్యముగా నాలుక చాచి వగర్చుటవలననే వేడి తగ్గించుకొనును. తెల్లవారుజామునను, సాయంకాలమునను మాత్రమే పని చేయించి, ఎండవేళ నీడయు నీరును ఇయ్యవలెను. మితిమీరి వగర్చుచు తూలినచో వెంటనే నీడకు చేర్చి, ఒడలు తడిపి, గాలి విసరి, పశువైద్యుని పిలువవలెను.

పిచ్చికుక్క రోగమునకు మూడు నెలల వయస్సున టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన ప్రకారము ఏటేట తిరిగి వేయించుట విధి. ఏ కుక్క కఱచినను, గీఱినను, గాయమును సబ్బుతోడను పాఱు నీటితోడను పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. రోగలక్షణములు కనబడిన పిదప చికిత్స లేదని యెల్లరు గుర్తుంచుకొనవలెను. పసరులతోను, మంత్రములతోను కాలము పోగొట్టరాదు.

మందకుక్కవలన గొఱ్ఱెలకు వచ్చు రోగము వేఱొకటి కలదు. గొఱ్ఱె తల నొకవైపునకు వంచి, గిరగిర తిరిగి, తుదకు పడిపోవుట కాపరు లెఱుగుదురు. దాని మెదడులో పెరుగు నీటితిత్తి దీనికొక ముఖ్యకారణము. ఆ గొఱ్ఱె తలను కుక్క తిన్నచో, తిత్తిలోని క్రిములు కుక్క ప్రేగులలో బద్దెపురుగులగును. వాని గ్రుడ్లు కుక్క మలముద్వారా మేతలో చేరి, మరల గొఱ్ఱెను పట్టును. కాలేయమునందును, ఊపిరితిత్తులయందును తిత్తులు కలిగించు మఱియొక బద్దెపురుగు మనుష్యులకు కూడ సోకును. కావున చచ్చిన గొఱ్ఱె తలను, లోపలి భాగములను కుక్కలకు వేయక లోతుగా పాతిపెట్టవలెను. పశువైద్యుడు చెప్పిన గడువులలో ప్రాజిక్వాంటెల్ అను మందును కుక్కకు ఇప్పింపవలెను.

కోలీ జాతులవారికి మఱియొక హెచ్చరిక. గొఱ్ఱెల పురుగులకు మనము వాడు ఐవర్‌మెక్టిన్ మందు కోలీ సంతతి కుక్కలలో కొన్నిటికి విషమగును. ఆ మందును మెదడులోనికి పోకుండ ఆపు శక్తి వానికి పుట్టుకతోనే కొఱవడుట దీనికి కారణమని 2001లో కనుగొనబడెను. గొఱ్ఱెలకు పోయగా మిగిలిన మందును కుక్కకు పోయుటగాని, మందు ఒలికినచోట నాకనిచ్చుటగాని చేయరాదు.

సంఘములు చేయదగినది

పైన చెప్పిన శ్రమ యంతయు ఒక్క రైతు భరించుట కష్టమే. సంఘముగా చేసిన సులభమగును. గ్రామమున శిక్షణదొడ్డి యొకటి యుమ్మడిగా కట్టుకొనవచ్చును. కుక్కలకెల్ల ఒకే దినమున టీకాలును, పురుగుల మందును ఇప్పించుటకు పశుసంవర్ధకశాఖవారిని కోరవచ్చును. ప్రతి కుక్క యజమాని పేరును, టీకా వేసిన తేదీయు సంఘపు పుస్తకములో వ్రాయవచ్చును. ఒకని కుక్క మఱియొకని గొఱ్ఱెను చంపినచో నష్టపరిహార మెట్లు చెల్లింపవలెనో, తగవు రాకమునుపే తీర్మానము చేసికొనుట వివేకము.

కుక్కను స్వీకరించు రైతు మూడు నెలల గడువు పెట్టుకొని, ఆ గడువులోగా పనికిరాదని తోచినచో తిరిగి తీసికొనుటకు పాత యజమానివద్ద ముందుగనే యొప్పందము చేసికొనవలెను. గొఱ్ఱెలను చూచి భయపడి పాఱు కుక్కయు, వానిపై నే మాత్రము ఆసక్తి లేని కుక్కయు ఇంటికాపలాకు పనికి రావచ్చును. దానిపై కోపించిన ఫలము లేదు. ఎన్నిసార్లు నిలిపినను పట్టి కఱచు కుక్కను మాత్రము మందగల ఇంట నుంచరాదు. దానిని వీధిలో విడిచిపెట్టుటయు పాపమే. ఆ కష్టము పొరుగు రైతు మందపై బడును.

పట్టణమున గొలుసునకు కట్టుబడి విసిగిన పనికుక్కకు పల్లెలో పని దొరకుట దానికిని మేలు, మనకును మేలు. అయితే ఆ మేలు త్రాటితోడను, ఓర్పుతోడను వచ్చునది. మందయొద్దకు కుక్కను తెచ్చువాడు మొదట తన చేతి త్రాడు గట్టిదో కాదో చూచుకొనవలెను. ఆ త్రాటిని విప్పుటకు తొందరపడకుండవలెను. మన సభ్యులలో ఇట్టి కుక్కను పొందదలచినవారు సంఘపు సమావేశమున ఈ విషయమును చర్చించి, పశువైద్యుని సలహా పొంది, పిదపనే పూనుకొందురని నమ్ముచున్నాము.